మోహనరావు, చింతలగిరి: ప్రొటీన్ల తప్పు మడతపై పరిశోధనలు

జీవకణంలో తయారైన ప్రొటీన్ గొలుసు తనకు నియతమైన త్రిపరిమాణ రూపాన్ని పొందలేకపోవడాన్ని, లేదా ఒకసారి పొందిన రూపాన్ని నిలుపుకోలేక వేరొక రూపంలోకి జారిపోవడాన్ని ప్రొటీన్ల తప్పు మడత అంటారు. ఇలా రూపం చెడిన ప్రొటీన్లు ఒకదానికొకటి అంటుకొని మెదడులోని నాడీకణాల లోపలనో వెలుపలనో పేరుకుపోవడం అల్జైమర్స్, పార్కిన్సన్స్, హంటింగ్టన్స్ వంటి నాడీ క్షీణత వ్యాధులలో సామాన్యంగా కనిపించే లక్షణం. హైదరాబాదులోని సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ (సీసీఎంబీ)లో చింతలగిరి మోహనరావు, ఆయన సహచరులు బక్తిసరన్ రామన్, తంగిరాల రామకృష్ణ ప్రభృతులు ఈ సమస్యను కంటి కటకంలోని ఆల్ఫా క్రిస్టలిన్ అనే ప్రొటీన్ ద్వారా అధ్యయనం చేశారు. రూపం చెడబోతున్న ప్రొటీన్లను ఆల్ఫా క్రిస్టలిన్ ఎలా కాపాడుతుంది, ఆ కాపుదల ఎక్కడ విఫలమవుతుంది అన్నవి వారి పరిశోధనకు కేంద్ర ప్రశ్నలు. మోహనరావు జీవశాస్త్ర విభాగంలో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం అందుకున్నారు. 2009 నుండి 2016 వరకు సీసీఎంబీ సంచాలకులుగా ఉన్నారు.

మడత, తప్పు మడత

ప్రొటీన్ అనేది ఇరవై రకాల అమైనో ఆమ్లాలు ఒక నిర్దిష్ట వరుసలో కూడిన గొలుసు. ఆ గొలుసు కణంలోని నీటి మాధ్యమంలో క్షణాల్లో ముడుచుకొని ఒక రూపాన్ని పొందినప్పుడే ఎంజైముగానో, గ్రాహకంగానో, కణానికి ఆధారంగానో పనిచేయగలుగుతుంది. నీటిని దూరంగా ఉంచే జలవిముఖ అమైనో ఆమ్లాలు లోపలికి చేరి, నీటితో కలిసే జలాభిముఖ ఆమ్లాలు ఉపరితలాన నిలవడం ఈ మడతను నడిపించే ప్రధాన శక్తి. ఈ రూపాన్ని నిర్ణయించే సమాచారమంతా అమైనో ఆమ్లాల వరుసలోనే ఉందని అమెరికా శాస్త్రవేత్త క్రిస్టియన్ అన్‌ఫిన్సెన్ రైబోన్యూక్లియేజ్ అనే ఎంజైముపై చేసిన ప్రయోగాలతో నిరూపించి, 1972లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి పొందారు. అంతకు ముందే, 1963లో, మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్ ప్రొటీన్ గొలుసు ఏయే కోణాల్లో వంగగలదో, ఏయే కోణాల్లో వంగలేదో ఒక పటంగా రూపొందించారు (చూ. రామచంద్రన్ పటం).

పరీక్షనాళికలో ఒంటరిగా ఉన్న ప్రొటీన్‌కు వర్తించే సూత్రం కిక్కిరిసిన కణంలో అదే తీరుగా పనిచేయదు. మడత పూర్తికాని దశలో జలవిముఖ భాగాలు బయటికి తెరిచి ఉంటాయి. పక్కనే అలాంటివే మరికొన్ని గొలుసులు ఉంటే లోపలికి ముడుచుకోవలసిన భాగాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఇలాంటి అతుకులలో కొన్ని ఆకారం లేని ముద్దలుగా మిగులుతాయి. గుడ్డు ఉడికినప్పుడు తెల్లసొన గట్టిపడడం ఈ రకానికి చెందినది. మరికొన్ని అతుకులు చాలా క్రమబద్ధంగా సాగి, గొలుసులోని బీటా పట్టీలు అనే సాగిన భాగాలు పోగు పొడవుకు అడ్డంగా, ఒకదాని పక్కన ఒకటి సుమారు 0.47 నానోమీటర్ల ఎడంతో పేర్చుకున్న పొడవాటి పోగులుగా మారతాయి. వీటినే అమిలాయిడ్ పోగులు అంటారు. అమిలాయిడ్ అనే పేరును 1854లో రుడాల్ఫ్ విర్ఖో ఈ నిక్షేపాలకు వాడారు. అయోడిన్‌తో పిండిపదార్థంలా రంగు మారడం చూసి వాటిని పిండిజాతివిగా ఆయన భావించారు. అవి ప్రొటీన్లని తరువాత తేలినా పేరు మాత్రం అలాగే నిలిచిపోయింది.

అమిలాయిడ్ ఏర్పడే క్రమంలో మొదటి దశ నెమ్మదైనది. కొన్ని గొలుసులు కలిసి ఒక బీజం ఏర్పడేదాకా బయటికి ఏ మార్పూ కనిపించదు. బీజం ఏర్పడిన తరువాత దాని కొసలకు కొత్త గొలుసులు వేగంగా చేరుతాయి. ఏర్పడిన పోగు విరిగితే ప్రతి ముక్కా మరో బీజమవుతుంది. పొడవాటి పోగుల కన్నా వాటికి ముందు ఏర్పడే చిన్న సమూహాలే నాడీకణానికి ఎక్కువ హాని చేస్తాయన్న అభిప్రాయం గత పాతికేళ్లలో బలపడింది. అయితే ఈ చిన్న సమూహాలు అస్థిరమైనవి, రకరకాల పరిమాణాలవి కావడం వల్ల వాటి రూపాన్ని కచ్చితంగా పట్టుకోవడం ఇప్పటికీ కష్టమే.

వ్యాధులు, వాటి ప్రొటీన్లు

జర్మన్ వైద్యుడు ఆలోయిస్ అల్జైమర్ 1906లో ఒక రోగి మెదడులో చూసి వర్ణించిన ఫలకాలలో ఉన్నది అమిలాయిడ్ బీటా అనే చిన్న ప్రొటీన్. దాన్ని 1984లో జార్జ్ గ్లెన్నర్, కెయిన్ వాంగ్ వేరుచేశారు. అది 40 లేదా 42 అమైనో ఆమ్లాల ముక్క. ఒక పెద్ద ప్రొటీన్ నుండి ఎంజైములు కోయగా విడివడుతుంది. అదే వ్యాధిలో నాడీకణం లోపల కనిపించే చిక్కుముడులు టావ్ అనే మరో ప్రొటీన్‌వి. పార్కిన్సన్స్ వ్యాధిలో ఫ్రెడెరిక్ లూయీ 1912లో గుర్తించిన గుండ్రని నిక్షేపాలలో ప్రధానమైనది 140 అమైనో ఆమ్లాల ఆల్ఫా సైన్యూక్లిన్ అని 1997లో తెలిసింది. ఆ ఏడాదే దాని జన్యువులోని ఒక ఉత్పరివర్తనం, అనగా వంశపారంపర్యంగా వచ్చే మార్పు, కొన్ని కుటుంబాలలో ఈ వ్యాధికి కారణమని బయటపడింది. హంటింగ్టన్స్ వ్యాధికి మూలమైన జన్యువు 1993లో దొరికింది. అందులో గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లానికి సంకేతమైన మూడక్షరాల వరుస 40 సార్లకు మించి పునరావృతమైతే వ్యాధి తప్పక వస్తుంది. కండరాలను నడిపే నాడీకణాలను నశింపజేసే ఏఎల్ఎస్ వ్యాధిలో పేరుకునేది టీడీపీ-43 అని 2006లో తెలిసింది. ప్రియాన్ వ్యాధులలో తప్పు మడత ఒక ప్రొటీన్ నుండి మరో ప్రొటీన్‌కు అంటురోగంలా పాకుతుందని ప్రతిపాదించిన స్టాన్లీ ప్రూసినర్ 1997లో నోబెల్ పొందారు (చూ. ప్రియాన్లు).

ఈ ప్రొటీన్లకు వరుసలో పోలిక లేదు, పనిలో పోలిక లేదు. అయినా చెడినప్పుడు చేరే రూపం మాత్రం దాదాపు ఒకటే. అందువల్ల ఏ ఒక్క ప్రొటీన్‌నో కాక, చెడిపోయే ఏ ప్రొటీన్‌నైనా పట్టుకోగల కాపుదల వ్యవస్థను అర్థం చేసుకోవడం ముఖ్యమైంది. హైదరాబాదు పరిశోధనల విలువ ఇక్కడే ఉంది.

చాపరోన్లు

ఇతర ప్రొటీన్లు సరిగా ముడుచుకోవడానికి తోడ్పడి, తుదిరూపంలో తాము భాగం కాకుండా తప్పుకునే ప్రొటీన్లను చాపరోన్లు అంటారు. ఈ పదాన్ని 1978లో రాన్ లాస్కీ ఒక ప్రత్యేక సందర్భంలో వాడగా, 1987లో జాన్ ఎల్లిస్ దాన్ని ఒక విస్తృత తరగతికి వర్తింపజేశారు. వేడి తగిలినప్పుడు కణంలో అధికంగా తయారయ్యే ఉష్ణఘాత ప్రొటీన్లలో చాలావరకు చాపరోన్లే. వీటిలో పెద్దవి కణశక్తి అయిన ఏటీపీని ఖర్చు చేసి ప్రొటీన్‌ను విప్పి మళ్లీ ముడుస్తాయి. చిన్న ఉష్ణఘాత ప్రొటీన్లు ఏటీపీ వాడవు. జారిపోతున్న ప్రొటీన్‌ను అతుక్కుపోకుండా పట్టి ఉంచి, అవకాశం దొరికినప్పుడు పెద్ద చాపరోన్లకు అందిస్తాయి. కంటి కటకంలోని ఆల్ఫా క్రిస్టలిన్ ఈ చిన్న ప్రొటీన్ల కోవకు చెందినదే.

కంటి కటకం ఎందుకు?

కటకం మధ్యభాగంలోని కణాలకు కేంద్రకం ఉండదు, కొత్త ప్రొటీన్‌ను తయారుచేసే సాధనమూ ఉండదు. కాబట్టి తల్లి కడుపులో ఉన్నప్పుడు ఏర్పడిన ప్రొటీనే మనిషి ఎనభయ్యేళ్లు బతికితే ఎనభయ్యేళ్లూ కరిగిన స్థితిలో, పారదర్శకంగా ఉండాలి. కటకంలో ప్రొటీన్ సాంద్రత కూడా సామాన్యమైనది కాదు. ప్రతి మిల్లీలీటరులో 300 మిల్లీగ్రాములకు పైగా ప్రొటీన్ ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, మధుమేహం, వయసు ఆ ప్రొటీన్లను దెబ్బతీసి అతుక్కునేలా చేసినప్పుడు కాంతి చెదిరి కటకం మసకబారుతుంది, అదే శుక్లం (చూ. శుక్లం). నాడీకణం కూడా విభజన చెందక జీవితకాలమంతా నిలవవలసిన కణమే గనుక, కటకంలో తేలే సూత్రాలు మెదడుకూ కొంతవరకు వర్తిస్తాయి.

కటకంలో కరిగి ఉండే ప్రొటీన్లలో దాదాపు 40 శాతం ఆల్ఫా క్రిస్టలిన్. అది ఆల్ఫా-ఏ, ఆల్ఫా-బి అనే రెండు రకాల ఉపభాగాలు సుమారు మూడింటికి ఒకటి చొప్పున కలిసిన పెద్ద సమూహం. ఉపభాగం ఒక్కొక్కటీ సుమారు 20 కిలోడాల్టన్ల బరువు ఉంటే, సమూహం సగటు బరువు 800 కిలోడాల్టన్ల దాకా ఉంటుంది. ఉపభాగాల సంఖ్య స్థిరంగా ఉండదు, అవి ఒక సమూహం నుండి మరో సమూహానికి మారుతూనే ఉంటాయి. ఆల్ఫా-ఏ ప్రధానంగా కటకానికే పరిమితం. ఆల్ఫా-బి గుండెలో, కండరాల్లో, మెదడులోని ఆధారకణాల్లో కూడా ఉంది. 1989లో అలెగ్జాండర్ వ్యాధి అనే అరుదైన మెదడు వ్యాధిలో పేరుకున్న నిక్షేపాల్లో ఆల్ఫా-బి బయటపడడంతో కటకపు ప్రొటీన్ మెదడు వైద్యుల దృష్టికి వచ్చింది. 1992లో అమెరికాలో జోసెఫ్ హార్విట్జ్ ఆల్ఫా క్రిస్టలిన్ చాపరోన్‌లా పనిచేస్తుందని చూపడంతో ఈ రంగం విస్తరించింది.

ఉష్ణోగ్రత ప్రయోగాలు

1977లో పుష్పమిత్ర భార్గవ తొలి సంచాలకులుగా ఏర్పడిన సీసీఎంబీలో, కాంతి, పదార్థాల పరస్పర చర్యను ఆధారం చేసుకున్న పద్ధతులతో మోహనరావు కటకాన్ని పరిశీలిస్తూ వచ్చారు. 1994లో రామన్‌తో కలిసి ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో ఒక మలుపు. ప్రయోగం సూత్రప్రాయంగా సరళమైనది. ఇన్సులిన్‌లోని రెండు గొలుసులను కలిపి ఉంచే గంధకపు బంధాలను రసాయనంతో తెంపితే ఒక గొలుసు కరగని ముద్దగా మారి ద్రావణం తెల్లబడుతుంది. ఆ తెలుపును కాంతి చెదిరిన పరిమాణంగా కొలవవచ్చు. అదే ద్రావణంలో ఆల్ఫా క్రిస్టలిన్ ఉంటే తెలుపు తగ్గుతుంది. ఎంత తగ్గుతుందన్నది ఉష్ణోగ్రతను బట్టి మారుతుందని, 30 డిగ్రీల సెల్సియస్ దాటాక కాపుదల శక్తి గణనీయంగా పెరుగుతుందని వారు గమనించారు.

దీనికి కారణాన్ని వారు 1997 నాటికి మరింత స్పష్టం చేశారు. వేడి పెరిగినప్పుడు ఆల్ఫా క్రిస్టలిన్ సమూహపు అమరిక కొద్దిగా సడలి, లోపల దాగి ఉన్న జలవిముఖ తలాలు బయటపడతాయి. జారిపోతున్న ప్రొటీన్‌లో తెరుచుకున్న జలవిముఖ భాగాలను ఈ తలాలే పట్టుకుంటాయి. ఏ స్వభావం వల్ల ఇతర ప్రొటీన్లు ఒకదానికొకటి అంటుకొని చెడతాయో, అదే స్వభావాన్ని కొలత తప్పకుండా వాడుకొని ఆల్ఫా క్రిస్టలిన్ వాటిని కాపాడుతుందన్నమాట. కాపాడే ప్రొటీన్‌కు గట్టిదనం ఒక్కటే చాలదని, తగిన సమయంలో తగినంత సడలే గుణం కావాలని ఈ పరిశోధన స్థాపించింది. మొత్తం కృషిలో ఇది అత్యంత ఫలవంతమైన భావనగా చెప్పదగినది.

ఉత్పరివర్తనాలు

1998లో రెండు వేర్వేరు దేశాల పరిశోధకులు ఒకే రకమైన లోపాన్ని రెండు జన్యువుల్లో కనుగొన్నారు. ఆల్ఫా-ఏలో 116వ స్థానంలోని ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం మారితే పుట్టుకతోనే శుక్లం వస్తుంది. ఆల్ఫా-బిలో దానికి సరిసమానమైన 120వ స్థానంలోని ఆర్జినిన్ మారితే శుక్లంతోపాటు కండరాలలో, గుండెలో డెస్మిన్ అనే ప్రొటీన్ పేరుకుపోతుంది. మోహనరావు బృందం ఆ రెండు మార్పులనూ ప్రయోగశాలలో సృష్టించి 1999లో ఫలితాలు వెల్లడించింది. రెండింటిలోనూ ప్రొటీన్ రూపం అన్ని స్థాయిల్లో చెదిరి, చాపరోన్ శక్తి బాగా క్షీణించింది. భారతీయ కుటుంబంలో కనిపించిన మరో మార్పును, అనగా ఆల్ఫా-ఏలో 98వ స్థానపు గ్లైసిన్ ఆర్జినిన్‌గా మారడాన్ని, 2006లో పరిశీలించినప్పుడు ఆ ప్రొటీన్ సరిగా ముడుచుకోలేకపోవడం, కాపుదల శక్తిని కోల్పోవడం రెండూ తేలాయి. ఇక్కడ కాపలా ప్రొటీనే తప్పు మడతకు గురి అవుతోంది. నాడీ క్షీణతను ఆలోచించేటప్పుడు చెడ్డ ప్రొటీన్ ఎంత పోగయిందన్న లెక్కతోపాటు, దాన్ని అడ్డుకోవలసిన ప్రొటీన్ ఏ స్థితిలో ఉందన్న ప్రశ్నా వేయాలన్నది ఈ పరిశోధనల నుండి వచ్చే అనివార్య నిర్ధారణ.

ఆల్ఫా-బిలోని 19, 45, 59 స్థానాల్లో ఉన్న సెరైన్‌లకు ఒత్తిడి, వయసు వంటి పరిస్థితుల్లో ఫాస్ఫేటు అతుకుతుంది. ఆ స్థితిని అనుకరించే కృత్రిమ రూపాన్ని తయారుచేసి, ఈ మార్పు వల్ల సమూహపు స్థిరత్వం, ఉపభాగాల మార్పిడి, కాపుదల శక్తి ఎలా మారతాయో 2008లో సీసీఎంబీ బృందం వివరించింది.

అమిలాయిడ్ పోగులపై ఆల్ఫా-బి

సీసీఎంబీ పరిశోధనలలో కటకపు ప్రొటీన్‌కూ మెదడు వ్యాధికీ మధ్య ప్రత్యక్షమైన లంకె 2005లో వచ్చింది. రామన్, జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయానికి చెందిన యూజీ గోటో బృందంతో కలిసి, అల్జైమర్స్‌లో పేరుకునే అమిలాయిడ్ బీటా పైనా, దీర్ఘకాలం డయాలిసిస్ చేయించుకునేవారి కీళ్లలో పేరుకునే బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ పైనా ఆల్ఫా-బి ప్రభావాన్ని పరిశీలించారు. థయోఫ్లావిన్-టి అనే రంగు అమిలాయిడ్ పోగుకు అంటుకున్నప్పుడు వెలుగుతుంది. ప్రత్యేక సూక్ష్మదర్శినిలో ఒక్కొక్క పోగు పెరగడాన్ని ఆ వెలుగు ద్వారా చూడవచ్చు. ముందే తయారుచేసిన బీజాలకు కొత్త గొలుసులు చేరి పోగు సాగడాన్ని ఆల్ఫా-బి అడ్డుకుంది. విడి గొలుసును పట్టుకోవడంతోపాటు, పోగు పెరిగే కొసతో చర్య జరపడం కూడా ఈ అడ్డంకిలో భాగమని తేలింది. అప్పటిదాకా ఈ బృందం ఆకారం లేని ముద్దలకే ప్రధానంగా అన్వయించిన కాపుదల భావన ఈ ప్రయోగంతో క్రమబద్ధమైన అమిలాయిడ్ పోగులకూ విస్తరించింది.

రాగితో సంబంధం

రాగి అయాన్లు అమిలాయిడ్ బీటాకు, ఆల్ఫా సైన్యూక్లిన్‌కు అంటుకొని అవి పేరుకోవడాన్ని వేగిరపరచగలవు. అంతేకాక, కణాన్ని దెబ్బతీసే చురుకైన ఆక్సిజన్ రూపాల ఉత్పత్తికి తోడ్పడతాయి. ఆల్ఫా-ఏ, ఆల్ఫా-బి రెండూ ఇతర లోహాల కన్నా రాగిని ఎంపిక చేసి బంధిస్తాయని, బంధించిన రాగి ఆ హానికర చర్యను నడపలేని స్థితికి వస్తుందని, కణాలకు రక్షణ కలుగుతుందని 2008లో మోహనరావు బృందం చూపింది. రూపం చెడుతున్న ప్రొటీన్లను పట్టి ఉంచడం, రాగిని నిర్వీర్యం చేయడం అనే రెండు పనులు ఒకే ప్రొటీన్‌లో కలవడం ఈ పరిశోధన వెలికితీసిన విశేషం.

సమీప పరిశోధనలు

హైదరాబాదులోనే జాతీయ పోషకాహార సంస్థలో జి. భానుప్రకాశ్ రెడ్డి బృందం మధుమేహం సోకిన ఎలుకల కటకంలో ఆల్ఫా క్రిస్టలిన్ కాపుదల శక్తి తగ్గడాన్ని, పసుపులోని కర్కుమిన్ ఇచ్చినప్పుడు ఆ తగ్గుదల కొంత సవరింపబడడాన్ని 2005లో ప్రచురించింది. మైసూరులోని కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధన సంస్థలో కె.ఎస్. జగన్నాథరావు బృందం డీఎన్ఏతో కలిసినప్పుడు ఆల్ఫా సైన్యూక్లిన్ మడత ఎలా మారుతుందో, అమిలాయిడ్ బీటా డీఎన్ఏ రూపాన్ని ఎలా మార్చగలదో అధ్యయనం చేసింది. అమెరికాలో పి. హేమచంద్రారెడ్డి 1998లో హంటింగ్టన్స్ జన్యువు మొత్తాన్ని మోసే ఎలుకల నమూనా రూపకల్పనలో పాల్గొన్నారు. తరువాత అల్జైమర్స్‌లో అమిలాయిడ్ బీటా కణశక్తి కేంద్రాలైన మైటోకాండ్రియాలోకి చేరుతుందని 2006లో చూపారు. ఐఐటీ హైదరాబాదులో బసంత్ పటేల్ బృందం టీడీపీ-43 పేరుకోవడాన్ని తగ్గించే ఒక ఆక్రిడిన్ సమ్మేళనాన్ని ఈస్టు నమూనాలో గుర్తించి 2016లో ప్రచురించింది.

చికిత్సతో సంబంధం

తప్పు మడతను నేరుగా లక్ష్యం చేసుకున్న మందులలో స్పష్టమైన విజయం మెదడుకు వెలుపల లభించింది. ట్రాన్స్‌థైరెటిన్ అనే ప్రొటీన్ విడిపోకుండా పట్టి ఉంచే టఫమిడిస్ నాడులకు, గుండెకు సంబంధించిన అమిలాయిడ్ వ్యాధిలో వాడుకలోకి వచ్చింది. అల్జైమర్స్‌లో అమిలాయిడ్‌ను తొలగించే ప్రతిరక్షక ఔషధం లెకానెమాబ్‌కు అమెరికాలో 2023లో పూర్తి అనుమతి లభించింది. 18 నెలల పరీక్షలో అది క్షీణత వేగాన్ని 27 శాతం మేర తగ్గించినా ఆపలేదు, కొందరిలో మెదడు వాపు, రక్తస్రావం వంటి ప్రమాదాలు కూడా కనిపించాయి. కర్కుమిన్ పరీక్షనాళికలో అమిలాయిడ్ పోగులను అడ్డుకున్నా, పేగుల నుండి రక్తంలోకి అతి తక్కువగా చేరడం వల్ల అల్జైమర్స్ రోగులపై జరిగిన పరీక్షలో మేలు చూపలేదు. పసుపు తింటే మతిమరుపు రాదన్న ప్రచారానికి ఆధారం లేదు. పార్కిన్సన్స్‌లో వాడే ఎల్-డోపా తగ్గిపోయిన డోపమిన్‌ను భర్తీ చేస్తుందే గాని సైన్యూక్లిన్ పేరుకోవడాన్ని ఆపదు. ఎల్-డోపా దూలగొండి గింజల్లో ఉందని 1937లో మద్రాసులో ఎం. దామోదరన్, ఆర్. రామస్వామి కనుగొన్నారు (చూ. దూలగొండి). ఆల్ఫా-బి వంటి చాపరోన్ల శక్తిని పెంచే చికిత్స ఇంకా పరిశోధన దశలోనే ఉంది. గుండె, కండరాలు, మెదడు అన్నిటిలోనూ ఉన్న ప్రొటీన్‌ను ఒకచోట మాత్రమే పెంచడం ఇందులో ప్రధాన చిక్కు.

సామాజిక ప్రాధాన్యం

దేశంలో అరవై ఏళ్లు పైబడినవారిలో 7.4 శాతానికి, అనగా సుమారు 88 లక్షల మందికి, చిత్తవైకల్యం ఉన్నట్లు 2023లో ప్రచురితమైన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. హైదరాబాదు నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారిలో వ్యాధి లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయని, చదువుకోనివారిలోనూ ఈ తేడా ఉందని 2013లో వెల్లడించింది. ప్రొటీన్ల తప్పు మడత మెదడులో మొదలవడానికీ, దాని ఫలితం మనిషి నడవడిలో కనిపించడానికీ మధ్య ఎన్నో ఏళ్ల వ్యవధి ఉంటుందని ఇలాంటి అధ్యయనాలు గుర్తుచేస్తాయి.

నరసాపురం, పాలకొల్లు వంటి గోదావరి డెల్టా పట్టణాలలో చదువు, ఉద్యోగాల కోసం పిల్లలు దూరప్రాంతాలకు వెళ్లగా వృద్ధ దంపతులు ఒంటరిగా మిగిలిన ఇళ్లు అనేకం. అక్కడ శుక్లాన్ని వెంటనే గుర్తించి ఆపరేషన్ చేయిస్తారు. మతిమరుపును, చేతి వణుకును మాత్రం వయసు మీద పడడంగానే భావించి వైద్యుని దగ్గరకు తీసుకెళ్లడం ఆలస్యం చేస్తారు. కటకంలోనైనా మెదడులోనైనా జరిగేది ప్రొటీన్లు రూపం చెడి పేరుకోవడమే అయినా, మసకబారిన కటకాన్ని తీసి కృత్రిమ కటకం అమర్చవచ్చు, నశించిన నాడీకణానికి అలాంటి ప్రత్యామ్నాయం లేదు. కాబట్టి లక్షణాలు కనిపించడానికి ముందే, కాపుదల ప్రొటీన్లు పనిచేస్తూ ఉండగానే వ్యాధిని గుర్తించే రక్తపరీక్షలపై, ఆ ప్రొటీన్లను బలపరిచే మార్గాలపై ప్రస్తుత పరిశోధన కేంద్రీకృతమై ఉంది.